మొక్కల నుంచి సెల్యులోజ్ నార తీయడం, రసాయనాలతో శుద్ధి చేయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరు, ప్రకాశం జిల్లాల డిగ్రీ, పీజీ కళాశాలల్లో నార మీద ప్రాజెక్టు చేస్తున్న విద్యార్థులూ, అరటి బోదెతోనో కిత్తనారతోనో ఊళ్లో చిన్న యూనిట్ పెట్టాలనుకుంటున్న సంఘాల వారూ ఎక్కువగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు ఇస్తున్నాము. వీరి అవసరాలు వేరైనా, పని మొదలుపెట్టే ముందు ఇరువురూ తేల్చుకోవలసినది ఒక్కటే: తీసిన నార ఏ పనికి? సెల్యులోజ్ కానిదాన్ని తొలగించే ప్రతి రసాయనమూ కొంత హెచ్చయితే సెల్యులోజ్‌నే తినేస్తుంది కాబట్టి, శుద్ధి ఎక్కడ ఆపాలన్నది ఆ పనిని బట్టే నిర్ణయించుకోవాలి.

సెల్యులోజ్ నార అంటే ఏమిటి? మొక్కలో దానితో పాటు ఇంకా ఏముంటాయి?

మొక్క కణాల గోడలకు బలాన్నిచ్చే పదార్థం సెల్యులోజ్. దీనిని ఫ్రెంచి శాస్త్రవేత్త అన్సెల్మ్ పేయెన్ 1838లో మొదట వేరు చేశాడు. వేల గ్లూకోజ్ యూనిట్లు వరుసగా కలిసిన పొడవైన గొలుసులు పక్కపక్కన చేరి, హైడ్రోజన్ బంధాలతో బిగుసుకొని సన్నని తంతువులవుతాయి. అందుకే అది నీటిలో కరగదు. ఆ తంతువుల మధ్య హెమిసెల్యులోజ్ (సెల్యులోజ్ లాంటిదే, పొట్టి గొలుసులది), లిగ్నిన్ (కర్రకు గట్టిదనమిచ్చే పదార్థం) నిండి ఉంటాయి. కణానికీ కణానికీ మధ్య పెక్టిన్ జిగురుగా పనిచేస్తుంది. పైన కొంత మైనం ఉంటుంది. మనం చేత్తో పట్టుకొని నార అంటున్న పోగు ఒక్క కణం కాదు, ఇలా అతుక్కొని ఉన్న అనేక కణాల కట్ట.

పత్తిలో సెల్యులోజ్ 90 శాతానికి పైగా ఉంటుంది. జనుము, కిత్తనార పోగుల్లో సుమారు 65 నుంచి 75 శాతం, అరటి నారలో 60 శాతం అటూఇటూగా, కర్రలో 40 నుంచి 50 శాతం ఉంటుంది. కొబ్బరి పీచులో సెల్యులోజ్ సుమారు 40 శాతమే, లిగ్నిన్ కూడా ఇంచుమించు అంతే. కొబ్బరి పీచు నీళ్లలో ఎన్నాళ్లున్నా త్వరగా కుళ్లకపోవడానికీ, ఎంత శుద్ధి చేసినా తెల్లబడకపోవడానికీ కారణం ఆ లిగ్నినే.

మా ప్రాంతంలో దొరికే మొక్కల్లో దేని నుంచి నార తీయడం మేలు?

పొడవైన పోగు కావాలంటే ఆకు నుంచి గానీ, కాండపు బెరడు నుంచి గానీ తీయాలి. పొలం గట్ల మీద కంచెగా పెంచే కిత్తనార ఆకు, గెల కొట్టాక తోటలో పడి ఉండే అరటి బోదె, పచ్చిరొట్టగా చల్లే జనుము, పెరట్లో కూరకు వేసే గోగు, సముద్రం వైపు ఇసుక నేలల్లోని తాడిచెట్ల మట్టలు మనకు దగ్గరలో ఉన్నవి. జనుమును ఎరువు కోసమైతే పూతకు అటూఇటూగా దున్నేస్తారు; నార కోసమైతే పూత నుంచి కాయ కట్టే దశ మధ్యలో కోయాలి, ముదిరితే నార గరుకెక్కుతుంది. నైలాను తాళ్లు రాకముందు పశువుల పలుపులకూ పగ్గాలకూ జనప నారే ఆధారం. ఒంగోలు గిత్తను ఆపగలిగిన పగ్గం ఎంత గట్టిదో వేరే చెప్పనక్కరలేదు.

దిగుబడి గురించి ముందే తెలుసుకోవడం మంచిది. వంద కిలోల కిత్తనార పచ్చి ఆకుకు మూడు నాలుగు కిలోల ఎండు నార వస్తుంది. వంద కిలోల అరటి బోదెకు ఒక కిలో అటూఇటూగా మాత్రమే వస్తుంది, మిగిలినదంతా నీరూ గుజ్జూ. అందువల్ల బోదెను లారీలో దూరం మోయించడం నీళ్లకు కిరాయి కట్టడమే అవుతుంది. యంత్రాన్నే తోట దగ్గరికి తీసుకుపోవాలి.

సుబాబుల్, జామాయిల్, సరుగుడు కర్ర నుంచి నార రాదా?

వస్తుంది, కాని ఆ పోగు పొడవు ఒక మిల్లీమీటరు ప్రాంతంలోనే ఉంటుంది. అది పేనడానికి గాని వడకడానికి గాని పనికిరాదు, కాగితపు గుజ్జుకే పనికివస్తుంది. ప్రకాశం జిల్లా రైతులు పండించే కర్ర రాజమహేంద్రవరం, భద్రాచలం దగ్గరి సారపాక వంటి చోట్ల ఉన్న కాగితపు మిల్లులకు వెళ్లేది ఇందుకే.

అదే గుజ్జును చిన్న యూనిట్‌లో మనమే చేసుకోవచ్చా?

చేయకూడదన్నది మా అభిప్రాయం. కర్రలో లిగ్నిన్ 20 నుంచి 30 శాతం ఉంటుంది, పైగా అది సెల్యులోజ్‌తో గట్టిగా పెనవేసుకొని ఉంటుంది. దానిని వదిలించడానికి మిల్లుల్లో కర్ర ముక్కలను కాస్టిక్ సోడా, సోడియం సల్ఫైడ్ ద్రావణంలో 160 నుంచి 170 డిగ్రీల సెల్సియస్ దగ్గర, మూతపెట్టిన పెద్ద పాత్రల్లో, ఒత్తిడి కింద ఉడికిస్తారు. కార్ల్ డాల్ 1879లో కనిపెట్టిన ఈ క్రాఫ్ట్ పద్ధతిలో కర్ర బరువులో సగానికి కాస్త తక్కువ గుజ్జుగా మిగులుతుంది. మిగిలిన సగం నల్లని ద్రవంలోకి దిగుతుంది. ఆ ద్రవాన్ని చిక్కబరచి బాయిలర్‌లో కాల్చి, ఆవిరినీ సోడానూ తిరిగి రాబట్టుకుంటేనే ఆ మిల్లుకు గిట్టుబాటవుతుంది. ఆ ఏర్పాటు లేనివాడు అదే పని చేస్తే డబ్బు పోగొట్టుకోవడమే కాక, ఊరి కాలువనూ పాడు చేస్తాడు. సల్ఫైడ్ నుంచి వెలువడే హైడ్రోజన్ సల్ఫైడ్ ప్రాణాంతకమైన వాయువు. చేతి కాగితం చేయదలచినవారు అరటి నార, గోగు బెరడు, పత్తి గుడ్డ పీలికలు తీసుకుంటే, తెరిచిన పాత్రలో తేలికపాటి సోడాతో ఉడికించినా సరిపోతుంది.

నార తీసే పద్ధతులు ఏవి?

గీరడం, యంత్రంతో ఒలవడం, నీటిలో నానబెట్టడం అనే మూడు పద్ధతులు వాడుకలో ఉన్నాయి. ఆకు నారలకు మొదటి రెండూ, బెరడు నారలకు మూడవదీ తగినవి.

అరటి పట్టను చేత్తో గీరే తీరు ఇది. బోదె పొరలను ఒక్కొక్కటిగా విప్పి, రెండు మూడు అంగుళాల వెడల్పు చీలికలు చేసి, చీలిక లోపలి ముఖం పైకి వచ్చేలా నున్నని పలక మీద పరుస్తారు. ఒక కొసను ఎడమ చేత్తో అదిమిపట్టి, మొద్దు అంచు ఉన్న స్టెయిన్‌లెస్ స్టీలు పలకతో ముందుకు గీకితే, గుజ్జూ నీరూ నురగగా జారిపోయి, బయటి ముఖం దగ్గర వరుసగా ఉన్న పోగులు తెల్లగా బయటపడతాయి. పదును ఎక్కువైతే పోగు తెగుతుంది. ఇనుప కత్తి వాడితే బోదెలోని టానిన్లు ఇనుముతో కలిసి నీలి నలుపు మరకలు వేస్తాయి. ఆ మరక తర్వాత ఎంత ఉతికినా పోదు. గీరిన వెంటనే మంచినీళ్లలో జాడించాలి, లేకపోతే పసరు గాలి తగిలి గోధుమరంగుకు మారుతుంది. గెల కొట్టిన మరునాడో ఆ తర్వాతి రోజో తీసిన నారకూ, వారం పడి ఉన్న బోదె నుంచి తీసిన నారకూ రంగులో ఉండే తేడా ఎవరి కంటికైనా కనిపిస్తుంది.

కిత్తనార ఆకు రసంలో సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు ఉంటాయి. అది చర్మానికి తగిలితే తీవ్రమైన దురద పుడుతుంది కాబట్టి మోచేతుల దాకా రబ్బరు తొడుగులు వేసుకోకుండా ఆ పని చేయవద్దు.

జనుము, గోగు కట్టలను ఊరి చెరువులో నానబెట్టవచ్చా?

మంచినీటి చెరువులో ఎంతమాత్రం నానబెట్టకూడదు. ప్రకాశం జిల్లాలో చాలా ఊళ్లు చెరువు నీటినే తాగుతున్నాయి. నానబెట్టినప్పుడు సూక్ష్మజీవులు పెక్టిన్‌ను తింటూ నీటిలోని ప్రాణవాయువునంతా వాడుకుంటాయి. చేపలు తేలిపోతాయి, నీరు కంపు కొడుతుంది. ప్రత్యేకంగా ఒక గుంట తవ్వి, అడుగున ప్లాస్టిక్ పట్టా పరచి నానబెట్టాలి. పని అయ్యాక ఆ నీటిని మరికొంత నీటితో కలిపి పొలానికి పారించవచ్చు.

మన వేడికి జనుము సాధారణంగా వారంలోపే నానుతుంది, గోగుకు రెండు మూడు వారాలు పట్టవచ్చు. మొదలు లావుగా, కొస సన్నగా ఉంటుంది కాబట్టి, కట్టలను మొదట రెండు రోజులు మొదలు మాత్రమే మునిగేలా నిలబెట్టి, తర్వాత పడుకోబెడితే అంతా ఒకేసారి నానుతుంది. నాలుగో రోజు నుంచి రోజూ ఒక పుల్ల తీసి చూడాలి: మొదలు దగ్గర గిల్లి లాగితే బెరడు చివరి దాకా పుల్లను విడిచి జారి రావాలి. ఆ దశ దాటితే అవే సూక్ష్మజీవులు పోగు మీద పడతాయి. తక్కువ నానిన కట్టను మళ్లీ నీళ్లలో వేయవచ్చు, ఎక్కువ నానినదానిని బాగుచేసే దారి లేదు.

కాస్టిక్ సోడాతో శుద్ధి ఎందుకు? ఎంత గాఢత వాడాలి?

కాస్టిక్ సోడా, అంటే సోడియం హైడ్రాక్సైడ్, మైనాన్ని సబ్బుగా మార్చి వదిలిస్తుంది, హెమిసెల్యులోజ్‌ను కరిగిస్తుంది, లిగ్నిన్‌లో కొంత భాగాన్ని తీసుకుపోతుంది, కట్టగా ఉన్న పోగులను విడదీస్తుంది. పోగు ఉపరితలం గరుకుగా మారడం వల్ల ఆ తర్వాత రంగు గానీ రెసిన్ గానీ బాగా పట్టుకుంటుంది.

మామూలు అవసరాలకు గది ఉష్ణోగ్రత వద్ద 5 శాతం ద్రావణం చాలు. లీటరు ద్రావణంలో 50 గ్రాముల కాస్టిక్ ఉండాలి. నార ఒక వంతుకు ద్రావణం ఇరవై వంతులు తీసుకోవాలి. అరగంటకు, గంటకు, రెండు గంటలకు, నాలుగు గంటలకు ఒక్కో పిడికెడు నార బయటికి తీసి, కడిగి, ఆరబెట్టి, బలం చూసుకోవాలి. మొదట బలం కొంత పెరిగి, ఒక దశ తర్వాత తగ్గడం మొదలవుతుంది. ఆ మలుపు అరటికి ఒక చోట, కిత్తనారకు ఒక చోట ఉంటుంది కాబట్టి, ఇంకెవరో రాసిన సమయాన్ని తెచ్చి మన నారకు అంటించడం సరికాదు. నార పూర్తిగా మునిగి ఉండటం ముఖ్యం; వేడి క్షారంలో తడిసి గాలికి తేలిన భాగాన్ని ఆక్సిజన్ దెబ్బతీస్తుంది, అక్కడే పోగు తెగుతుంది.

తీసిన తర్వాత నీళ్లతో పలుమార్లు జాడించి, ఒక శాతం ఎసిటిక్ ఆమ్లంలో కొన్ని నిమిషాలు ముంచి, మళ్లీ కడిగి, లిట్మస్ కాగితం రంగు మారని దాకా చూడాలి. కడగడంలో బద్ధకిస్తే మిగిలిన క్షారం నిల్వలో పోగును పసుపు రంగుకు తిప్పుతుంది.

మెర్సరైజేషన్ అన్నా ఇదేనా?

కాదు, విద్యార్థుల నివేదికల్లో ఈ రెండూ తరచుగా కలిసిపోతున్నాయి. ఇంగ్లండుకు చెందిన జాన్ మెర్సర్ 1844లో గమనించి 1850లో పేటెంటు పొందిన ప్రక్రియలో పత్తిని 18 నుంచి 25 శాతం వరకు ఉన్న గాఢ క్షారంలో కొద్దిసేపు ముంచుతారు. అప్పుడు పోగు ఉబ్బి, మెలికలు విడి, గొలుసుల అమరిక మారుతుంది. ప్రకృతిలోని మొదటి రకం అమరిక (సెల్యులోజ్ I) కడిగాక రెండవ రకంగా (సెల్యులోజ్ II) స్థిరపడుతుంది. నూలును సాగదీసి పట్టుకొని ఈ పని చేస్తే మెరుపు వస్తుందని 1890లో హొరేస్ లో (Horace Lowe) అనే ఆయన చూపించాడు. ఒకప్పుడు ప్రకాశం జిల్లాలో ఉండి 2022లో బాపట్ల జిల్లాలో చేరిన చీరాల వంటి చేనేత కేంద్రాల్లో మెర్సరైజ్డ్ నూలు అంటున్నది దీనినే. 5 శాతం ద్రావణంలో ఆ అమరిక మారదు కాబట్టి, దానిని క్షార శుద్ధి అనడమే సరైనది.

మా బోరు నీళ్లు పనికివస్తాయా?

నార జాడించడానికి పనికివస్తాయి. తెల్లబరచడానికి మాత్రం ముందుగా పరీక్షించుకోవాలి. కనిగిరి, మార్కాపురం వైపు భూగర్భజలం ఫ్లోరైడ్‌కు పేరుపడినదే. నారకు దానికంటే ఇబ్బంది పెట్టేవి కాల్షియం, మెగ్నీషియం, ఇనుము. కఠినజలంలో క్షారం కలిపితే తెల్లని మడ్డి పేరుకొని పోగు మీద పొడిలా నిలుస్తుంది. ఇనుము ఉంటే హైడ్రోజన్ పెరాక్సైడ్ ఒక్కసారిగా విడిపోతుంది, ఇనుము ఉన్న చోటే పోగుకు చిల్లు పడుతుంది. వాన నీటిని పట్టి ఉంచుకుంటే ఈ రెండు బెడదలూ తప్పుతాయి. తుప్పు పట్టిన డ్రమ్ములో పెరాక్సైడ్ పోయడం కూడా ఇదే నష్టానికి దారి తీస్తుంది.

తెల్లబరచడానికి బ్లీచింగ్ పౌడర్ చాలదా?

చవక కాబట్టి చాలామంది అదే వాడతారు, కాని ఒక విషయం గుర్తుంచుకోవాలి. బ్లీచింగ్ పౌడర్‌తో వచ్చే హైపోక్లోరైట్ ద్రావణం పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాన్ని కొలిచే అంకె; 7 అంటే తటస్థం) 7 దగ్గరకు దిగినప్పుడు సెల్యులోజ్‌ను అన్నిటికంటే ఎక్కువగా దెబ్బతీస్తుంది. పీహెచ్ 10కి తగ్గకుండా కొంచెం సోడా కలిపి, చల్లని ద్రావణంలో, తక్కువ సేపు వాడాలి. ఆమ్లంతో కలిస్తే క్లోరిన్ వాయువు వెలువడుతుంది. ఆమ్లంలో ముంచిన నారను బాగా కడగకుండా ఇందులో వేయవద్దు.

హైడ్రోజన్ పెరాక్సైడ్ ఖరీదైనా మేలైనది. పీహెచ్ 10.5 నుంచి 11 మధ్య ఉంచి, సోడియం సిలికేట్ కొద్దిగా చేర్చి, 80 డిగ్రీల దాకా వేడి చేసి గంటసేపు ఉంచితే అరటి నార లేత మీగడ రంగుకు వస్తుంది. అంతకంటే తెల్లగా కావాలని మళ్లీ మళ్లీ ముంచితే, రంగు కొంచెం తేరుకుంటుంది గాని పోగు చేతిలోనే తెగుతుంది. చాపలకూ సంచులకూ వాడే నారను తెల్లబరచవలసిన అవసరమే లేదు.

ప్రయోగశాలలో శుద్ధ సెల్యులోజ్‌ను వేరు చేయడం ఎలా?

ఎండబెట్టి పొడిచేసిన నారను మొదట టోలీన్, ఇథనాల్ మిశ్రమంతో సాక్స్‌లెట్ పరికరంలో (ద్రావణిని మళ్లీ మళ్లీ పదార్థం మీదుగా పంపే గాజు పరికరం) శుద్ధి చేసి మైనాన్ని, రెసిన్లను తీసేస్తారు. తర్వాత ఎసిటిక్ ఆమ్లంతో పీహెచ్ 4 దగ్గర ఉంచిన సోడియం క్లోరైట్ ద్రావణంలో 70 నుంచి 80 డిగ్రీల వద్ద వేడి చేస్తూ, గంటగంటకూ తాజా క్లోరైట్, ఆమ్లం చేరుస్తారు. లిగ్నిన్ కరిగిపోయి తెల్లగా మిగిలినది హోలోసెల్యులోజ్, అంటే సెల్యులోజ్, హెమిసెల్యులోజ్‌ల కలయిక. దీనిని 20 డిగ్రీల ప్రాంతంలో 17.5 శాతం సోడియం హైడ్రాక్సైడ్‌తో శుద్ధి చేస్తే కరగకుండా మిగిలే భాగం ఆల్ఫా సెల్యులోజ్. క్లోరైట్ నుంచి వెలువడే క్లోరిన్ డయాక్సైడ్ విషవాయువు, గాఢత పెరిగితే పేలే స్వభావం కలది. పొగగూడు లేని ప్రయోగశాలలో ఈ పని చేయవద్దు.

ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. బరువులు తూచేటప్పుడు నారను 105 డిగ్రీల వద్ద బరువు స్థిరపడేదాకా ఆరబెట్టాలి. మన తీరం గాలిలో ఆరినట్టే కనిపించే నారలో కూడా పదో వంతుకు పైగా తేమ ఉండవచ్చు. ఆ తేమను లెక్కలో వదిలేసి, బరువు తగ్గినదంతా లిగ్నిన్ పోవడం వల్లేనని రాసే నివేదికలు చాలా ఉన్నాయి.

లిగ్నిన్ పోయిందో లేదో ఎలా తెలుసుకోవాలి?

ఫ్లోరోగ్లూసినాల్ అనే రసాయనాన్ని ఆల్కహాల్‌లో కరిగించిన ద్రావణం ఒక చుక్క, దానిపై గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఒక చుక్క వేసి చూడండి. లిగ్నిన్ ఉన్న పోగు నిమిషాల్లో చిక్కని ఎరుపు రంగు పొందుతుంది, శుద్ధమైన పత్తి రంగు మారదు. పచ్చి నార, క్షారంలో ఒక గంట ఉన్నది, క్లోరైట్‌లో ఉన్నది అనే మూడు పోగులను ఒకే గాజు పలక మీద పక్కపక్కన పెట్టి చుక్కలు వేస్తే, ఎరుపు తగ్గుతూ పోవడం స్పష్టంగా కనిపిస్తుంది. క్షారం ఒక్కటే లిగ్నిన్‌ను పూర్తిగా తీయలేదన్న సంగతి అక్కడే రుజువవుతుంది. కచ్చితమైన అంకె కావాలంటే పర్మాంగనేట్‌తో కప్పా సంఖ్య (మిగిలిన లిగ్నిన్‌కు కొలత) కట్టాలి.

వరిగడ్డి, పొగాకు కట్టె వాడవచ్చా?

నెల్లూరు వరిగడ్డి పశువుల మేతకు పోగా మిగిలితేనే ఆలోచించాలి. దాని బూడిదలో ఎక్కువ భాగం సిలికా. అది క్షారంలో కరిగి ద్రవాన్ని చిక్కబరుస్తుంది, మిల్లుల్లో సోడాను తిరిగి రాబట్టే యంత్రాలకు గట్టి పొరగా పట్టేస్తుంది. పొగాకు కట్టె పోగు పొట్టిది, గుజ్జుకు తప్ప పనికిరాదు.

సెల్యులోజ్‌ను వేరే పదార్థాలుగా మార్చవచ్చు అంటారు కదా, ఏవి?

ఎసిటిక్ అన్‌హైడ్రైడ్‌తో చర్య జరిపితే ఎసిటేట్, క్షారంలో మోనోక్లోరోఎసిటిక్ ఆమ్లంతో జరిపితే నీటిలో కరిగే కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్ వస్తాయి. క్షారం, కార్బన్ డైసల్ఫైడ్‌లతో కరిగించి తిరిగి దారంగా తీస్తే విస్కోస్ రేయాన్. దీనికి 1892లో క్రాస్, బెవన్, బీడిల్ పేటెంటు పొందారు. కార్బన్ డైసల్ఫైడ్ నరాలను దెబ్బతీసే విషం, సులువుగా అంటుకునే ద్రవం కూడా. దానిని కళాశాలలో తాకకపోవడమే మంచిది. మందు బిళ్లల్లో వాడే సూక్ష్మస్ఫటిక సెల్యులోజ్‌ను ఆమ్లంలో మరిగించి, నానో స్ఫటికాలను 64 శాతం సల్ఫ్యూరిక్ ఆమ్లంలో 45 డిగ్రీల వద్ద ముప్పావు గంట ఉంచి చేస్తారు. వీటికి ముడిసరుకుగా మనకు దొరికే వాటిలో మేలైనది పత్తి గింజకు అంటుకొని ఉండే పొట్టి నూగు, ఎందుకంటే అందులో తీయవలసిన లిగ్నిన్ దాదాపుగా లేదు.

కాస్టిక్‌తో పనిచేసేటప్పుడు ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?

నీళ్లలో కాస్టిక్ కొద్దికొద్దిగా వేయాలి గాని, కాస్టిక్ మీద నీళ్లు పోయకూడదు. అలా పోస్తే మరిగి ముఖం మీదికి చిమ్ముతుంది. వంటింటి అల్యూమినియం గిన్నెలు వాడవద్దు. క్షారం వాటిని తినేస్తూ, మంటకు అంటుకునే హైడ్రోజన్‌ను వెలువరిస్తుంది. స్టీలు, మందపాటి ప్లాస్టిక్ పాత్రలు వాడండి. కంటి అద్దాలు తప్పనిసరి. కంట్లో పడితే ఆమ్లం పోసి సరిచేద్దామనుకోక, కనీసం ఇరవై నిమిషాలు నీళ్లతో కడుగుతూ ఆసుపత్రికి బయలుదేరాలి.

వాడిన నల్లని ద్రావణాన్ని ఎక్కడ పారబోయాలి?

కాలువలో వద్దు. నెల్లూరు తీరంలో మురుగు కాలువ చివరికి రొయ్యల గుంటల నీటిలోనే కలిసే చోట్లు ఉన్నాయి, పీహెచ్ పెరిగితే రొయ్య తట్టుకోదు. ద్రావణాన్ని ఒక్కసారి వాడి పారబోయకుండా, లోటు మేరకు కాస్టిక్ చేర్చి రెండు మూడు విడతలు వాడుకోవచ్చు. చివరికి పలుచని ఆమ్లంతో పీహెచ్ 7 దాకా తెస్తే కరిగి ఉన్న లిగ్నిన్‌లో కొంత గోధుమరంగు మడ్డిగా అడుగుకు చేరుతుంది. ఇంకా కొంచెం ఆమ్లం చేర్చి పీహెచ్ తగ్గిస్తే చాలావరకు దిగుతుంది. మడ్డిని వడకట్టి ఆరబెట్టి, మిగిలిన నీటి పీహెచ్‌ను తిరిగి 7కు తెచ్చి సిమెంటు తొట్టిలో ఎండనివ్వాలి. ఈ నీటిలో సోడియం లవణాలు మిగులుతాయి కాబట్టి, క్షారం కలపని నానబెట్టిన నీళ్లలాగా దీనిని పొలానికి పెట్టకూడదు, నేల చౌడుబారుతుంది. యూనిట్ స్థాయిలో చేసేవారు కాలుష్య నియంత్రణ మండలి అనుమతి తీసుకున్న తర్వాతే మొదలుపెట్టాలి.

నారను ఎలా నిల్వ చేయాలి?

మన జిల్లాల తీర ప్రాంతంలో ఎక్కువ వానలు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాలతో పడతాయి కాబట్టి, నార తీసే పనిని ఎండాకాలంలో పెట్టుకోవడం తేలిక. లిగ్నిన్ మిగిలిన నార నేరుగా ఎండ తగిలితే పసుపుబారుతుంది, అందువల్ల శుద్ధి చేసిన నారను నీడలో, గాలి ఆడేచోట ఆరబెట్టాలి. కట్టలను నేల మీద కాక చెక్క పలకల మీద పేర్చి, గోడకు జానెడు దూరం వదలాలి. ప్లాస్టిక్ సంచిలో బిగించి కట్టినప్పుడు తేమ లోపలే మిగిలి బూజు పడుతుంది. గోనె సంచి మేలు.